మోకు సభలో మార్పు

అనగనగా, మబ్బులకు పొరుగున, డేగరాయి అనే కోట ఒకటి ఉండేది. నిట్టనిలువు బండ మీద కట్టిన కోట అది. మెట్లు లేవు, బాట లేదు. పైకి పోవాలన్నా కిందికి రావాలన్నా వెదురు బుట్టలో కూర్చోవాలి. పైన మనుషులు పెద్ద చక్రం తిప్పేవారు. చక్రానికీ బుట్టకూ నడుమ ఉండేది ఒక్క మోకు.

మూడు పేటలు పేనిన జనపనార మోకు అది. బియ్యం దాని మీదనే ఎక్కేది. పెళ్లికూతురు దాని మీదనే వచ్చేది. శవం దాని మీదనే దిగేది.

అందుకని ఆ కోటలో మోకు కొనడం రాజు ఒక్కడి పని కాదు. సలహా చెప్పడానికి ముగ్గురు పెద్దలుండేవారు. వారిని మోకు సభ అనేవారు. ముగ్గురూ ఒక్క మాటగా "కొనవచ్చు" అంటేనే రాజు కొనేవాడు. ఒక్కరు కాదన్నా వర్తకుడు తన మోకు చుట్టుకుని పోవలసిందే.

ఇంకొక ఆచారం కూడా ఉండేది. కొత్త మోకు మీద మొదట పైకి రావలసింది, తొలి కానుపుకు పుట్టింటికి వచ్చే ఆడపడుచు. రెండు ప్రాణాలు క్షేమంగా వస్తే కోటకు శుభమని వారి నమ్మకం.

ఆ ఏడు అలా రావలసినది గౌరమ్మ. ఆమె తల్లి మైలమ్మ మోకు సభ పెద్దల్లో ఒకతె.

వానలు పడేలోగా మోకు మార్చాలి. మంత్రి విరూపయ్య బావమరిది, మోకుల వర్తకుడు కుప్పన ఒక మోకు తెచ్చాడు. నూనె పట్టించిన ఆ మోకు ఎండలో నిగనిగలాడింది.

"బావా, మీ కోట కూలినా ఇది తెగదు" అన్నాడు కుప్పన.

విరూపయ్య ఆ మాట నమ్మాడు. ఆయన లంచం తినేవాడు కాదు. పని తెలియనివాడూ కాదు. కాదు అనే మాట వినలేనివాడు, అంతే.

మొదట, సభ ముగ్గురిలో వయసులో పెద్దవాడైన గుండయ్య మోకు దగ్గర కూర్చుని, ఒక పేట విప్పాడు. లోపలి నార వేళ్ల మధ్య పొడి అయింది.

"ఇది ఎక్కడో వానకు నాని కుళ్లింది. పైన నూనె పూశారు. నేను ఒప్పుకోను" అన్నాడు.

మర్నాడు కోటలో దండోరా వేశారు. "గుండయ్యకు వయసు మీద పడినందున, మోకు సభలో ఆయన స్థానాన మంత్రిగారి మేనల్లుడు రుద్రన్నను నియమించడమైనది!"

"నిన్నటిదాకా లేని వయసు మోకు ముట్టుకోగానే వచ్చిందా నాయనా?" అన్నాడు గుండయ్య. చక్రం తిప్పేవాళ్లు పకపకా నవ్వారు.

తరువాత సభలో రెండోవాడైన కేతయ్య చూశాడు. మోకును మోకాలికి అదిమి వంచాడు. అది పుల్లలు విరిగినట్టు చిటపటమంది.

"గడ్డిమోపులు కట్టుకోండి. మనిషిని మాత్రం కట్టకండి" అన్నాడు.

మళ్లీ దండోరా. "కేతయ్యకు చెవులు మందగించినందున, ఆయన స్థానాన ఆస్థాన భట్టు సోమనను నియమించడమైనది!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. చక్రం దగ్గర మాటలు ఆగిపోయాయి. తల్లులు పిల్లలను అంచు దగ్గరికి పోనివ్వలేదు. ఎందుకని పిల్లలడిగితే, "గాలి ఎక్కువగా ఉంది" అన్నారు. ఆకు కూడా కదలడం లేదు.

రాజు మల్లభూపుడు రెండు దండోరాలూ విన్నాడు. కారణం మాత్రం అడగలేదు.

ఇక మిగిలింది మైలమ్మ. మంత్రి స్వయంగా ఆమె ఇంటికి వచ్చాడు.

"ఏం మైలమ్మా, అమ్మాయి కొండ కింద దిగిందట కదా? నెలలు నిండినట్టున్నాయి."

"అవునయ్యా. కొత్త మోకు కోసం గుడిసెలో కాచుకుని ఉంది."

"పాపం, ఎందుకు ఆలస్యం? నువ్వు ఒక్క మాట అంటే రేపే పైకి వస్తుంది." ఆయన ఇంటి దూలం వైపు చూశాడు. "ఇల్లు బాగుంది. కాదనేవాళ్లకు కోటలో ఇల్లెందుకని నిన్న ఎవరో అన్నారు. నేనే సర్దిచెప్పాను."

మైలమ్మ ఆలోచించింది. అవునంటే కూతురు ఆ మోకు మీద గాలిలో వేలాడుతుంది. కాదంటే తనను మార్చి, ఆ మోకునే కడతారు. అప్పుడూ కూతురే మొదట ఎక్కుతుంది.

"రేపు బండ అంచున, ఏలికవారి ఎదుట చెబుతానయ్యా" అంది.

"అదే పద్ధతి. నలుగురి ముందూ ఒక్క మాట!" అని మంత్రి సంతోషంగా వెళ్లాడు.

ఆమె అన్నం ముట్టలేదు. అంచున నిలబడి కిందికి చూసింది. గుడిసె ముందు గౌరమ్మ చీమంత కనబడింది. తల్లిని గుర్తుపట్టి చేయి ఊపింది. మైలమ్మ చేయి పైకి లేవలేదు.

మర్నాడు అందరూ అంచున చేరారు. కొత్త మోకు బుట్టకు కట్టి ఉంది. రుద్రన్న "కొనవచ్చు" అన్నాడు. సోమన రాగం తీసి "కొనవచ్చు" అన్నాడు.

"ఏలికా, నాకు భయంగా ఉంది" అంది మైలమ్మ.

"దేనికి భయం?" అన్నాడు రాజు.

"మంత్రిగారంటే భయం. ఈ మోకంటే కూడా భయం. ఏది పెద్దదో తెలియక నిన్నటినుంచి చస్తున్నాను. మంత్రిగారి కోపం నా ఒక్కదాని మీద పడుతుంది. మోకు తెగితే ఆ చేటు అందరి మీదా పడుతుంది. ఇది బాగుందా అని ఈ పెద్దలను అడగవద్దు ప్రభూ. ఇప్పుడే బుట్టలో కూర్చుంటారా అని అడగండి."

రాజు రుద్రన్న వైపు చూశాడు. రుద్రన్న అంచు నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకు... ఎత్తు చూస్తే కళ్లు తిరుగుతాయి మహారాజా."

సోమన ఆకాశం చూశాడు. "వర్జ్యం నడుస్తోంది ప్రభూ."

విరూపయ్యకు ఒళ్లు మండింది. "పిరికి పందల్లారా! నేను కూర్చుంటాను" అని బుట్టలో కాలు పెట్టాడు.

కుప్పన నోరు తెరిచాడు. మూశాడు.

"వద్దయ్యా!" అని అరిచింది మైలమ్మ. "నా మీద కోపం నా మీదే తీర్చుకోండి. దాంట్లో ఎక్కకండి!"

కాదు అన్న మాట విని ఆయన మరీ పట్టుదలగా కూర్చున్నాడు. "దింపండి" అన్నాడు. చక్రం కిర్రుమంది.

బుట్ట అంచు దాటిందో లేదో మొదటి పేట తెగింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. బుట్ట బండకు కొట్టుకుని గిర్రున తిరిగింది. చక్రం వాళ్లు పైకి లాగబోతే రెండో పేట తెగింది. మంత్రి కిందికి చూశాడు. రెండు చేతులా బుట్ట అంచు పట్టుకున్నాడు.

"లాగకండి! కదిలిస్తే అదీ పోతుంది!" అన్నాడు గుండయ్య. కేతయ్య పాత మోకు విప్పి కొసన ఉచ్చు వేశాడు. కొందరు రెండో కొస పట్టుకోగా, మైలమ్మ అంచున బోర్లా పడుకుని ఉచ్చును కిందికి జారవిడిచింది.

"చంకల కింద వేసుకోండయ్యా! కిందికి చూడకండి, నన్ను చూడండి!"

ఆయన ఆమెనే చూస్తూ ఉచ్చు వేసుకున్నాడు. మూడో పేట తెగింది. బుట్ట పడింది. అది కింద చేరిన చప్పుడు చాలాసేపటికి వినబడింది.

పైకి లాగాక విరూపయ్య ఉచ్చు విప్పుకున్నాడు. "ఇంతమందిలో నాకు ఒక్కరూ చెప్పలేదే!" అన్నాడు.

"ముగ్గురం చెప్పాం. ఇద్దరిని మార్చారు. నన్ను మార్చడానికి మీకు పొద్దు చాలలేదు" అంది మైలమ్మ.

రాజు తల వంచుకున్నాడు. "దండోరా విన్నాను గాని, కారణం అడగలేదు. తప్పు నాది కూడా" అన్నాడు. కుప్పనను కోటలో అడుగు పెట్టవద్దన్నాడు. విరూపయ్యను మంత్రి పదవినుంచి తప్పించాడు. గుండయ్యనూ కేతయ్యనూ తిరిగి సభలో కూర్చోబెట్టాడు. మనిషిని మార్చేముందు అతడు చెప్పిన మాటేమిటో జనం ఎదుట చదవాలని కట్టడి చేశాడు.

మైలమ్మ పాత మోకు మీద, వేరే బుట్టలో, కిందికి దిగింది. గౌరమ్మకు ఆ గుడిసెలోనే ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఏడుపు పైకి వినబడలేదు గాని, చక్రం దగ్గరున్నవాళ్లు మళ్లీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

నీతి: కాదన్న మనిషిని మార్చితే సభ మాట మారుతుంది గాని, కుళ్లిన మోకు గట్టిపడదు.