సిగ్నె నక్షత్రం

ఎస్బెన్‌కి పది రోజులుగా ముద్ద దిగడం లేదు.

డెన్మార్క్‌లో ఒక పాత మ్యూజియంలో, సముద్రజీవుల మీద పరిశోధన చేసే తోర్కిల్ గారి దగ్గర శిష్యుడతను. గురువుగారికి నలభై ఏళ్ల కిందట భార్య పోయింది. పిల్లల్లేరు. ఆ ఏడాదే వలలో అయిదు చేతుల బుల్లి నక్షత్ర చేప ఒకటి దొరికితే, ఇంతవరకూ లోకంలో ఎవరూ చూడని జాతి అని తేల్చి, భార్య సిగ్నె పేరు పెట్టుకున్నారు. దాని స్పిరిట్ సీసా ఆయన బల్ల మీదే ఉంటుంది. మధ్యాహ్నం రొట్టె తినేటప్పుడు ఆయనకి తోడు అదొక్కటే.

ఇప్పుడేమైందంటే, ఎస్బెన్ తొట్టెలో పెంచుతున్న సూర్య నక్షత్రాలనే చేపల పిల్లలు అచ్చం దానిలాగే ఉన్నాయి. పెరిగేకొద్దీ పన్నెండు చేతులొస్తాయి గానీ, పసితనంలో అయిదే. అంటే సిగ్నె జాతి అనేదే లేదు! జాలర్లందరూ ఎరిగిన మామూలు నక్షత్రానికి అది పిల్ల, అంతే. ఆ మాట ఆ ముసలాయనతో ఏ నోటితో చెప్పడం? రాసిన కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"ఏమోయ్, తొట్టెలో పిల్లలేవీ?" అని అడిగారు గురువుగారు ఆ పొద్దున.

"చచ్చిపోయాయండీ."

"అబద్ధమాడ్డం కూడా రాదు నీకు. చూపించు."

చూపించక తప్పలేదు. ఆయన మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు తల ఎత్తలేదు. చేతుల సందుల్లో ఆవగింజంత మొలకలు, రాబోయే చేతులు. తన సీసాలోదాన్ని కూడా తీసి చూసుకున్నారు. దానికీ ఉన్నాయి.

"తెలిసి ఎన్నాళ్లయింది?"

"పది రోజులండీ. మీ మనసు కష్టపెట్టలేక దాచాను."

"నువ్వు కూడా చెప్పకపోతే నాకింకెవరున్నారోయ్ చెప్పడానికి?"

ఆ మాటకి ఎస్బెన్‌కి ఏడుపొచ్చింది.

గురువుగారు చిన్న చీటీ మీద అసలు పేరు రాశారు. కింద తేదీ వేసి సీసాలోకి దించారు. ఎస్బెన్ గబగబా పటకారు అందుకుని, సిగ్నె పేరున్న పాత చీటీ తీయబోయాడు. ఆయన చటుక్కున మణికట్టు పట్టుకున్నారు.

"తీయకు. మ్యూజియంలో పాత చీటీ ఎవరూ పారెయ్యరు, తప్పుదైనా సరే."

మూత బిగించారు. సీసాని మళ్లీ బల్ల మీద పెట్టుకోలేదు. తీసుకెళ్లి మిగతా సూర్య నక్షత్రాల అరలో చేర్చారు.

"దాచకూడదోయ్," అన్నారు. "దాచుకోవాలి."