సన్యాసమ్మ ఇంటికొచ్చిన ముగ్గురు పిల్లలు

అనగనగనగా, రైలెక్కి సముద్రం వైపు పోతే ఒక ఊరొస్తుంది చూడు, ఆ ఊళ్ళో ఆడపిల్లల హాస్టలు ఒకటుండేది. ఆ హాస్టల్లో ఒక వంటమ్మ. పేరు సన్యాసమ్మ. ఇలా దగ్గరికి జరుగు తల్లీ, దుప్పటి కప్పుకో. ఊఁ కొడుతూ విను, లేకపోతే కథ ఆగిపోతుంది.

సన్యాసమ్మకి నా అన్నవాళ్ళు లేరు. పెళ్ళయిన కొత్తలోనే పెనిమిటి పోయాడు. కడుపున కాయ కాయలేదు. వంటింటి వెనక చిన్న గదిలో ఒక మంచం, ఒక రేకుపెట్టె, గోడకి ఒక అద్దం. అదే ఆమె ఇల్లు.

అయినా ఏడాదంతా ఆమెకి ఒంటరినని తోచేది కాదు. చుట్టూ గంపెడు పిల్లలు కదా! "సన్యాసమ్మత్తా, ఇంకొంచెం పప్పు!" అని ఒకతి. "సన్యాసమ్మత్తా, చారు కారంగా ఉంది!" అని ఒకతి. "సన్యాసమ్మత్తా, నా జడ ఊడిపోయింది!" అని ఇంకొకతి. గంటె పట్టుకున్న చెయ్యి ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు.

అప్పుడు వేసవి సెలవులొచ్చాయి. అమ్మలొచ్చారు, నాన్నలొచ్చారు, పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు. వార్డెనమ్మ కూడా తాళాలిచ్చి, "జాగ్రత్తగా చూసుకో" అని చెప్పి వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత హాస్టల్లో సన్యాసమ్మ ఒక్కతే మిగిలింది.

పెద్ద పెద్ద గుండిగలు బోర్లించి పెట్టింది. చిన్న గిన్నెలో గుప్పెడు బియ్యం వేసుకుంది. గుండిగలు దించే చేతికి ఆ గిన్నె బరువే తెలిసేది కాదు. వండింది తినేది. తిన్నది కడిగేది. పడుకునేది. మళ్ళీ తెల్లారేది.

ఒకరోజు పొద్దున్న వంటింట్లోకి కాకి దూరింది. దాన్ని తోలుదామని నోరు తెరిస్తే గొంతులోంచి మాట రాలేదు. గరగరమని ఏదో చప్పుడొచ్చింది. సన్యాసమ్మ హడలిపోయింది. 'నేను మాట్లాడి ఎన్నాళ్ళయింది?' అనుకుంది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

అప్పుడు మొహం కడుక్కుని, జుట్టు ముడి వేసుకుని, సంచి తీసుకుని రైతుబజారుకి బయలుదేరింది.

వేసవిలో రైతుబజారంటే ఎలా ఉంటుందనుకున్నావు? రేకుల షెడ్ల కింద ఎక్కడ చూసినా రాసులే. ఒకచోట పచ్చి మామిడికాయలు. ఒకచోట పసుపుపచ్చ దోసకాయలు. ఒకచోట పనసకాయలు, ఒక్కొక్కటీ నీ అంత ఉంటుంది. తాటిముంజల గెలలు, చింతచిగురు గంపలు, తడిగోనె కప్పిన మల్లెమొగ్గలు. అరుపులే అరుపులు. ఆ అరుపులు వింటే సన్యాసమ్మకి ప్రాణం లేచొచ్చింది.

ముందు దోసకాయల దగ్గర ఆగింది. అక్కడ ఇద్దరు బేరమాడుతూ దెబ్బలాటకి దిగారు. ఈమెని ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత మామిడికాయల దగ్గర ఆగింది. అక్కడతను ఆవకాయ ముక్కలు కొడుతున్నాడు. ఠక్ ఠక్ మని కత్తి చప్పుడు తప్ప అతనికి ఇంకేమీ వినపడలేదు.

ఆ తర్వాత ఆకుకూరల దగ్గర ఆగింది. అక్కడ గోనెపట్టా మీద అప్పలనర్సమ్మ అనే ఆవిడ కూర్చుని కూరల మీద నీళ్ళు చిలకరిస్తోంది. తలెత్తి చూసి, "ఏటప్పా, ఏటి కావాల?" అంది.

ఆ ఊరివైపు అప్ప అంటే అక్క. అప్పా అని ఎవరో పిలిచారు! ఏం కావాలని ఎవరో అడిగారు! సన్యాసమ్మకి కళ్ళు చెమర్చాయి. "ఒక్క కట్ట తోటకూర ఇయ్యి సెల్లీ" అంది. గొంతు గరగరలాడినా మాట వచ్చింది.

ఇంకా ఏవేవో కొనుక్కోవచ్చు. కానీ కొనలేదు. ఎందుకో తెలుసా? అన్నీ ఒకేసారి కొనేసుకుంటే రేపు రావడానికి పని ఉండదు కదా!

మర్నాడు వెళ్ళి ఒక్క కట్ట పాలకూర కొంది. ఆ మర్నాడు వెళ్ళి గుప్పెడు చింతచిగురు కొంది. ఆ పైరోజు కూడా వెళ్ళేసరికి అప్పలనర్సమ్మ నవ్వి, "రోజూ ఒక్క కట్టే పట్టుకెళ్తావు. ఇంట్లో ఎంతమందేటప్పా?" అంది.

ఆవిడేమీ పొడుస్తూ అడగలేదు. ఊరికే అడిగింది. కానీ 'ఎవరూ లేరు' అనే మాట సన్యాసమ్మ నోట రాలేదు. వచ్చిన మాట వేరు.

"పిల్లలొచ్చారు సెల్లీ. మా తమ్ముడి కూతుళ్ళు. సెలవులకి. ముగ్గురు."

తమ్ముడూ లేడు, కూతుళ్ళూ లేరు. కానీ మాట బయటికొచ్చేసింది. మరి లోపలికి పోతుందా?

"ఓలమ్మ! ముగ్గురు గుంటలకి ఒక్క కట్ట సరిపోద్దేటి?" అంటూ అప్పలనర్సమ్మ ఇంకో రెండు కట్టలు సంచిలో కుక్కింది. "పేర్లేటి?"

"పెద్దది హైమ. నడిపిది ఝాన్సీ. ఆఖరుది బుల్లి."

ఆ రోజు సన్యాసమ్మ ఇంటికొచ్చి ఆ కూరంతా వండింది. వండుతుంటే, హైమైతే కాడలు ఏరి పక్కన పెట్టేది కాబోలు అనిపించింది. బుల్లికి కారం తగ్గించాలేమో అనిపించింది. కారం తగ్గించే వండింది. తర్వాత ఒక్కతే కూర్చుని చప్పటి కూర తింది.

ఆ తర్వాత రోజూ ఒక ముచ్చట. హైమ కొబ్బరాకు బూరలు చేసి చెల్లెళ్ళకిచ్చిందని ఒకరోజు. ఝాన్సీ ఉప్పూకారం అద్దుకుని పుల్లమామిడి తినీ తినీ పళ్ళు పులిసి అన్నం మానేసిందని ఒకరోజు. బుల్లి గోడపక్కనే పడుకుంటానని అక్కల్ని తన్నిందని ఇంకోరోజు. అప్పలనర్సమ్మ బేరాలు కూడా ఆపి వినేది. "మరేటయింది? మరేటయింది?" అనేది. వేరే బేరగాళ్ళు విసుక్కుని వెళ్ళిపోయినా పట్టించుకునేది కాదు.

బజారులో ఉన్నంతసేపూ సన్యాసమ్మకి బాగుండేది. ఇంటికొచ్చి తాళం తియ్యగానే, తల్లీ, ముందుకంటే ఎక్కువ బోసిగా ఉండేది. ముందు ఎవరూ లేరనే తెలుసు. ఇప్పుడు ముగ్గురు పిల్లలు లేరు.

ఒకరోజు అప్పలనర్సమ్మ తామరాకు పొట్లం చేతిలో పెట్టింది. "లేత ముంజలప్పా. పిల్లలకి ఇయ్యి. నా పేరు సెప్పి ఇయ్యి" అంది. డబ్బులిస్తే తీసుకోలేదు.

సన్యాసమ్మ ఇంటికొచ్చి పొట్లం విప్పింది. తెల్లగా, నీళ్ళు నీళ్ళుగా మెరుస్తున్నాయి ముంజలు. పిల్లల పేరుమీద ఇచ్చినవి. నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. పారేద్దామంటే చెయ్యి రాలేదు. అలా చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి అవి వడిలిపోయాయి.

మర్నాడు అప్పలనర్సమ్మ, "పిల్లల్ని ఒక్కసారి తీసుకురా అప్పా, కళ్ళారా సూస్తాను" అంది.

సన్యాసమ్మ గబగబా సంచి భుజాన వేసుకుంది. "రేపు తెద్దును గానీ, బుల్లికి జొరం" అనేసింది. ఇంటికొచ్చి, ఇంక బజారుకి వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకుంది. మళ్ళీ మాటలు ఆగిపోయాయి. గచ్చు ఊడ్చిందే ఊడ్చింది. గుండిగలు తోమినవే తోమింది.

అలా మూడు రోజులు గడిచాయి. అప్పుడు ఒక మధ్యాహ్నం ఎవరో గేటు తట్టారు. చూస్తే అప్పలనర్సమ్మ! ఎండలో నడిచొచ్చి మొహం కందిపోయింది. చంకలో బుట్ట. బుట్టలో లేత ఆనపకాయ, నిమ్మకాయలు, అమ్మోరి గుడిలో కట్టించిన తాయెత్తు.

"నువ్వు రాలేదంటే భయమేసిందప్పా. హాస్టల్లో వండుతానన్నావు గదా, ఆ హాస్టలెక్కడని అందర్నీ అడుగుతూ వచ్చీసాను. బుల్లికి ఎలగుంది?" అంటూ చెప్పులు విడిచి లోపలికి వచ్చేసింది.

వచ్చి చూసింది. పెద్ద హాలు. గోడవారగా ఒకదాని మీద ఒకటి పేర్చిన మంచాలు. చాపలు చుట్టేసి ఉన్నాయి. తాడు మీద ఒకే ఒక్క చీర ఆరుతోంది.

"పిల్లలేరప్పా?"

సన్యాసమ్మ స్తంభం పట్టుకుని నిలబడింది. "లేరు సెల్లీ. నాకు తమ్ముడే లేడు. నువ్వు ఎంతమందని అడిగితే... ఒక్కదాన్నే అని చెప్పలేకపోయాను."

అప్పలనర్సమ్మ బుట్ట కింద పెట్టి గుమ్మంలో కూలబడింది. "నన్ను ఎర్రిదాన్ని చేసినా ఫరవాలేదు. ఇప్పుడు మా అత్తకేటి సెప్పను?" అంది.

"మీ అత్తకా?"

"మా అత్త పారమ్మ. కిందటేడు జారిపడి నడుం ఇరిగింది. మంచం దిగలేదు. మా ఆయన లారీ మీద ఎల్తే నెలకోపాలి వస్తాడు. నాను బజారుకొచ్చేస్తే ఆ ముసల్ది పొద్దల్లా గోడకేసి సూస్తూ పడుంటాది. ఎవరితోనూ మాటాడదు. నాతోనూ మానేసింది. అలాంటిది, నీ పిల్లల సంగతులు సెప్పడం మొదలెట్టాక మళ్ళీ నోరిప్పింది. నాను ఇంటికెళ్ళగానే 'ఇయ్యాల ఆళ్ళేటి సేసారే?' అని అడుగుతాది. బుల్లికి జొరమని ఇన్నకాడ్నించి అన్నం కూడా సరిగా తినట్లేదు."

ఆవిడ లేచి కొంగు దులుపుకుంది. "నాను సెప్పలేను. నువ్వే వచ్చి సెప్పు" అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. బుట్ట కూడా తీసుకోలేదు.

ఆ సాయంత్రం ఎండ తగ్గాక సన్యాసమ్మ ఆ బుట్ట పట్టుకుని బయలుదేరింది. దారిలో ఒకసారి వెనక్కి తిరుగుదామనుకుంది. మళ్ళీ నడిచింది. మళ్ళీ ఆగింది. ఆఖరికి దారి కనుక్కుని అప్పలనర్సమ్మ ఇంటి ముందుకి చేరింది.

లోపల నులకమంచం మీద పారమ్మ పడుకుని ఉంది. ఎండిన చింతకాయలా ఇంత మనిషి. కళ్ళకి మసక. "ఎవరే?" అంది.

"నేనమ్మా. సన్యాసమ్మని."

ముసలామె గబుక్కున చెయ్యి చాపింది. "వచ్చినావా! బుల్లికి జొరం తగ్గినాదా?"

సన్యాసమ్మ చెబుదామని నోరు తెరిచింది. తెరిచి, బుట్ట కింద పెట్టింది. రెండోసారి తెరిచింది. తెరిచి, కొంగు సర్దుకుంది. అప్పుడు ముసలామె చెయ్యి పట్టుకుని, మూడోసారికి చెప్పింది.

"బుల్లి లేదమ్మా."

"అయ్యో! పోయినాదా?"

"పోలేదమ్మా. అసలు పుట్టనే లేదు. ముగ్గురూ లేరు. అంతా నేను కల్పించి చెప్పాను. ఇంట్లో ఎవరూ లేరు. నేనొక్కదాన్నే ఉన్నాను."

పొయ్యి దగ్గర అప్పలనర్సమ్మ వీపు తిప్పి కూర్చుంది. అన్నం కుతకుతలాడుతోంది. ముసలామె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

గోడవైపు తల తిప్పి అంది, "నానూ ఒక్కదాన్నేనే. ఈ గోడకేసి సూసి సూసి పిచ్చెక్కిపోయేది. నీ మాటలు ఇన్నాక ఈ గోడకాడ ఆళ్ళు ముగ్గురూ ఆడుకుంటన్నట్టే ఉండేది."

సన్యాసమ్మకి ఏడుపొచ్చింది. "తప్పయిపోయిందమ్మా" అంది.

"తప్పో ఒప్పో నాకెందుకు గానీ," అంది పారమ్మ, "పుట్టకపోతే పుట్టకపోయింది. జొరం పెట్టి ఒగ్గేసి పోతావేటే ఆ పిల్లకి? తగ్గించి ఎల్లు. నాకు నిద్దర పట్టదు."

సన్యాసమ్మ ఆమె మొహంలోకి చూసింది. ముసలామె వేళాకోళమాడటం లేదు. నిజంగానే కనిపెట్టుకుని చూస్తోంది.

అప్పుడు సన్యాసమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మెల్లగా మొదలెట్టింది.

"నిన్న రాత్రంతా నుదుటిమీద తడిగుడ్డ వేశానమ్మా. హైమ నీళ్ళు మార్చింది. ఝాన్సీ విసురుతూ విసురుతూ కూర్చునే నిద్రపోయింది. కోడి కూసేసరికి బుల్లికి చెమట పట్టింది. ఒళ్ళు చల్లబడింది."

"హమ్మయ్య" అంది పారమ్మ.

"లేవగానే ఆకలన్నాది. మామిడికాయ పప్పు కావాలన్నాది."

"పెట్టీగలవు!" ముసలామె తల పైకెత్తింది. "జొరం దిగిన పిల్లకి పులుపెడతారేటే ఎవరైనా? లేత బీరకాయ వండి పెట్టు, పెసరపప్పేసి!"

"బీరకాయ లేదమ్మా ఇంట్లో."

పొయ్యి దగ్గరనుంచి, వెనక్కి తిరగకుండానే అప్పలనర్సమ్మ అంది. "పక్కకొట్టాయన రేపు బీరకాయలు దింపుతానన్నాడు. లేతవి ఏరి దాస్తాను. వచ్చి పట్టుకెళ్ళప్పా."

ఆ రాత్రి సన్యాసమ్మని తిని వెళ్ళమన్నారు. ఎక్కువ మాటలేమీ లేవు. అప్పలనర్సమ్మకి కోపం ఇంకా కాస్త మిగిలే ఉంది. అయినా పచ్చిపులుసు రెండుసార్లు వడ్డించింది. పారమ్మ ముద్దలన్నీ తింది.

ఆ తర్వాత సన్యాసమ్మ హాస్టలుకి వచ్చి తాళం తీసింది. హాలు ఖాళీ. మంచాలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఎవరూ "సన్యాసమ్మత్తా" అనలేదు. గదిలో కూర్చుని కాసేపు ఏడ్చింది. ఏడవడం అయ్యాక లేచి కాళ్ళు కడుక్కుంది. బుల్లికి ఒంట్లో బాగయింది, మరి రేపు ఝాన్సీ ఏం చేస్తుంది? చెట్టెక్కుతుందా? పక్కింటి కోడిని తరుముతుందా? అది ఆలోచిస్తూ, ఆలోచిస్తూ నిద్రపోయింది.

కథ బజారు దాటింది, కంచి దారి పట్టింది,
మన గడప వచ్చింది, నీ కంట నిద్ర నిండింది.