ఓబులేసు కడిగిన కొట్టం

భార్య సుంకులు చనిపోయాక ఓబులేసు ఇల్లు విడిచి, శివభక్తురాలు తిప్పమ్మవ్వ ఆశ్రమం చేరాడు. ఆశ్రమమంటే పెద్దదేమీ కాదు. నాలుగు గుడిసెలు, ఓ వంకాయ తోట, ఎనుములను కట్టేసే కొట్టం.

"అవ్వా, సుంకులు నా తలపుకు రాకుండా ఏదైనా ఉపాయం చెప్పు" అని అవ్వ కాళ్లమీద పడ్డాడు.

అవ్వ కొట్టం చూసుకోమంది.

అతను చూసుకోవడం మామూలుగా లేదు. కొట్టంలో ఈగ వాలితే తన పరువే పోయినట్టు బాధపడేవాడు. సుంకులు గుర్తొచ్చినప్పుడల్లా గట్టిగా శివనామం అందుకుని, చీపురుకట్ట పట్టుకుని నేల తోమేవాడు. పాపం, రోజుకు ఎన్నిసార్లు తోమేవాడో ఆ నేలకే తెలియాలి.

ఇంతలో వంటింట్లో పొయ్యి ఆరిపోయింది. అక్కడ వంటంతా గోబర్ గ్యాసు మీదే. పేడా, కొట్టం కడిగిన నీళ్లూ కాలువ వెంట గుంతలోకి చేరి, లోపల మాగి గ్యాసు అవుతాయి. ఇప్పుడు ఎంత పేడ వేసినా మంట లేదు. అందరూ కట్టెల పొగలో కళ్లు తుడుచుకుంటున్నారు.

అవ్వ కాలువ దగ్గర వంగి వాసన చూసింది.

"నేలకు ఏం పోస్తాండావు నాయనా?"

"ఫినాయిలు అవ్వా. పురుగూ పుట్రా ఉండకూడదని."

"గుంతలో పేడను మాగబెట్టేది కూడా కంటికి కనపడని పురుగులే గదా. అవీ చచ్చినాయి."

ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది. లోపలికి పోయి మూట సర్దుకుని వచ్చాడు.

"ఆమెను మరిచిపోయేదీ చేతగాల్యా, పేడ పనీ చేతగాల్యా. నేను పోతానవ్వా."

అవ్వ మూట తీసుకుని పక్కన పెట్టి, అతని చేతికి బక్కెట ఇచ్చింది.

గుంతలోని పాత పేడంతా తోడేశారు. ఇద్దరూ కూర్చుని కొత్త పేడను నీళ్లల్లో పిసికి కలిపారు. పక్కూరి గ్యాసు గుంత నుంచి ఓబులేసు మోసుకొచ్చిన మడ్డిని, పాలల్లో మజ్జిగ వేసినట్టు, అవ్వ అందులో తోడు వేసింది. ఆపైన మూత పెట్టేశారు.

ఓబులేసుకు ప్రాణం ఆగేది కాదు. మాటిమాటికీ పోయి వాల్వు తిప్పబోయేవాడు.

"తోడేసిన పాలల్లో వేలు పెట్టి చూస్తారా ఎవరన్నా?" అనేది అవ్వ.

కొన్నాళ్లకు ఒక పొద్దున పొయ్యి నీలంగా వెలిగింది. అవ్వ టీ పెట్టింది. మాగి గుంత అవతలి నుంచి బయటికొచ్చిన మడ్డిని వంకాయ మొక్కలకు పోసి వచ్చిన ఓబులేసు, చేతులు వాసన చూసుకుని ఆశ్చర్యపోయాడు.

"కంపే లేదవ్వా. యాడికి పోయింది?"

అవ్వ గడ్డంతో పొయ్యి వైపు చూపించింది.

అతను ఆ మంటనే చూస్తూ కూర్చున్నాడు. చూస్తుండగానే కళ్లు నిండాయి. అలవాటు కొద్దీ గబగబా శివనామం అందుకోబోయాడు. అవ్వ మెల్లగా అతని నోటిమీద చెయ్యి పెట్టింది. శివుడంటే ప్రాణమిచ్చే అవ్వే అలా ఆపుతుందని అతను కలలో కూడా అనుకోలేదు.

"సామి యాడికీ పోడులే నాయనా" అంది. "సుంకులు ఎట్లుండేదో చెప్పు."