తలుపు దగ్గరి సంచి

ఇంటిపనిలో సరిగ్గా సగం మోసే మగవాడు జపాను మొత్తానికి ఒక్కడున్నాడంటే అది షుహెయ్. ఈ మాట షుహెయే చెప్పాడు. ఆ సగంలో ఏమేం ఉన్నాయని ర్యోకై గురువు అడిగితే, "పొద్దున్నే చెత్త బయట పెడతానండీ" అన్నాడు. కాసేపు ఆలోచించి, "ఆదివారాలు పాపకి స్నానం" అని కూడా కలిపాడు.

కనజావా ఊరి చివరి చిన్న జెన్ బౌద్ధ ఆలయంలో గురువు ఆదివారాలు ఉద్యోగస్థులకు ధ్యానం నేర్పుతాడు. ఆ రోజు షుహెయ్ ధ్యానం వేడి పెనం మీద నీటిబొట్టులా సాగింది. భార్య మినోరికి ఆఫీసులో సెక్షన్ హెడ్ పదవి ఇస్తామన్నారు. ఉద్యోగం, ఇల్లు, పిల్ల, వీటి మీద ఇంకో బరువు తన వల్ల కాదని, సోమవారం వెళ్లి వద్దని చెప్పేస్తానని ఆమె అంది.

"సగం నేను మోస్తూనే ఉన్నాను కదా గురువుగారూ. ఇంకా మోయలేనంటుందేమిటి?"

"రేపు మా వీధికి చెత్తబండి వస్తుంది. వంటింట్లోది కాస్త సర్ది పెట్టు నాయనా" అన్నాడు గురువు.

అదెంత పని అన్నట్టు చొక్కా చేతులు మడుచుకుని వెళ్లిన షుహెయ్, వెళ్లినంత వేగంగానే తిరిగొచ్చాడు.

"సంచి లేదండీ."

"నువ్వే కట్టాలి."

"ఖాళీ సంచులెక్కడుంటాయి?"

"మీ ఇంట్లో ఎక్కడుంటాయి?"

షుహెయ్ తల గోక్కుంటూ మళ్లీ లోపలికి నడిచాడు. చేపముళ్లు ఎందులో వెయ్యాలి, సీసా మూతలు విడిగా పెట్టాలా, పాల డబ్బా కడగాలా? ఒక్కటీ తెలియలేదు. చివరికి ఫోన్ తీసి మినోరి నంబరు నొక్కబోయాడు.

"అదీ ఆవిడ పనేనా?" అన్నాడు గురువు, టీ ఊదుకుంటూ.

ఫోన్ జేబులోకి వెళ్లిపోయింది. షుహెయ్ గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"మా ఇంట్లో సంచి ముడేసి, తలుపు దగ్గర నా బూట్ల పక్కనే ఉంటుందండీ. అక్కడికెలా వస్తుందో ఎప్పుడూ అడగలేదు." చెవులు ఎర్రబడ్డాయి. "మొన్న గురువారం అక్కడ రెండు సంచులున్నాయి. తొందరలో ఒకటి పట్టుకెళ్లి వీధిలో చెత్త పెట్టేచోట వదిలి రైలెక్కేశాను. అది పాప డేకేర్ బట్టల సంచి. ఆ సాయంత్రమే మినోరి పదవి వద్దంది."

గురువు కప్పు కింద పెట్టాడు.

"బండి వచ్చేలోపు ఆ సంచి కోసం పరిగెత్తింది ఎవరు?"