తీగకు అవతలి కొస

కౌండిన్య రీడింగులు కుదరడం లేదు. అదే లోహపు పొర, అదే మీటరు. నిన్నటి అంకె ఇవాళ రాదు, ఇవాళ్టిది రేపు రాదు. నాలుగు నెలల కొలతలు ఇలాగే పోగుపడ్డాయి. నెలాఖరుకి థీసిస్ ఇవ్వాలి.

అతను మీటరును చేత్తో ముట్టడు. అది పాతకాలపు పద్ధతి అంటాడు. లైనక్స్ కంప్యూటరు ముందు కూర్చుని, తాను రాసిన ప్రోగ్రాముతో తీగ వెంట ఆదేశాలు పంపుతాడు. మీటరు కొలిచి అంకెలు పంపుతుంది. ఇంత చక్కటి ఏర్పాటులో తప్పు జరుగుతోందంటే అది ఎవరో మనిషి పనే అని మనవాడు మొదటిరోజే తేల్చేశాడు.

ఆ మనిషి కూడా దొరికాడు. అటెండరు యలమంద. ముప్పై ఏళ్ళుగా ఆ ఫిజిక్స్ ల్యాబు ఊడ్చి తుడిచేది అతనే. తుడిచే నెపంతో తీగలు కదుపుతున్నాడని కౌండిన్య కాగితం రాసి ఆఫీసులో ఇచ్చాడు. యలమందను హాస్టలు మెస్సుకి మార్చారు. నెల రోజుల్లో రిటైరయ్యేవాణ్ణి, మాట పడి వెళ్ళేలా చేశారు.

మూడు వారాలు గడిచాయి. రీడింగులు బాగుపడలేదు. ముసురు పట్టి మధ్యాహ్నం కూడా దీపాలు వేసుకోవాల్సిన ఒక రోజున కౌండిన్య తన గురువు ఖాదర్ వలీ మాస్టారి గదికి వెళ్ళాడు.

"తీగ మార్చాను మాస్టారూ. కంప్యూటరులో పర్మిషన్లు చూశాను. లైనక్స్ రెండుసార్లు మళ్ళీ ఎక్కించాను. నా వైపు ఏ లోపమూ లేదు."

"అవతలి వైపు?"

"అవతల ఉన్నది మీటరే కదండీ. చెప్పింది చేస్తుంది."

మాస్టారు గొడుగు తీసుకుని లేచారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. మెల్లిగా నడిచి ల్యాబుకి వచ్చి మీటరు ముందు ఆగారు.

"పొద్దుటి నుంచి దీన్ని ఆపావా?"

"లేదండీ."

"ఇది కూయదా?"

"కూసేదండీ. రీడింగు తీసిన ప్రతిసారీ కీచుమనేది. చిరాకేసి ప్రోగ్రాము మొదటి వరుసలోనే దాని కూత కట్టేశాను."

మాస్టారు అతణ్ణి కుర్చీలోంచి లేపారు. ప్రోగ్రాము ఆపారు. కుర్చీలో కూర్చుని ఒక చిన్న ప్రశ్న కొట్టి పంపారు. నీ తప్పుల చిట్టాలో ఏముంది అని మీటరును అడగడం అది. అడిగినప్పుడల్లా అది చిట్టాలోంచి ఒక్కటే చెప్పి, దాన్ని కొట్టేస్తుంది. తెర మీద జవాబు వచ్చింది. దాని భాషలోంచి మన భాషలోకి తెస్తే, "ఈ ఆదేశం నాకు తెలియదు."

మళ్ళీ అడిగారు. "ఈ ఆదేశం నాకు తెలియదు."

మళ్ళీ అడిగారు. అదే జవాబు. మాస్టారు తొందరపడలేదు, ఆగలేదు. పంతొమ్మిదిసార్లు అదే మాట వచ్చింది. ఇరవయ్యోసారి, "ఇంకా ఉన్నాయి. పెట్టుకోడానికి చోటు లేదు." ఆ తరవాత, "ఏమీ లేవు."

కౌండిన్య తెర మీది వరుసలు మళ్ళీ చదివాడు. రేంజి, అంటే ఎంత మేరలో కొలవాలో, పెట్టమని తాను పంపే ఆదేశం ఈ మోడలుకి అర్థమే కాలేదు. రోజూ పొద్దున దీన్నే వాడే ఎమ్మెస్సీ పిల్లలు ఏ రేంజిలో వదిలి వెళితే ఆ రేంజిలోనే కొలుస్తూ వచ్చింది. ప్రతిసారీ ముందు కూతతో, తరవాత ఈ చిట్టాలో మొరపెట్టుకుంటూనే ఉంది. నాలుగు నెలల పని మట్టిలో కలిసిపోయింది.

దానికంటే ముందు అతనికి గుర్తొచ్చింది వేరే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మాస్టారూ, యలమంద..."

మాస్టారు గొడుగు అతని చేతిలో పెట్టారు.

"ఒక్కసారి అడిగి వచ్చెయ్యకు" అన్నారు.

మెస్సు వెనక వసారాలో యలమంద అన్నం గుండిగ తోముతున్నాడు. మనిషి చిక్కిపోయాడు.

"యలమందా, తప్పు నా ప్రోగ్రాములో ఉంది. నువ్వేం చెయ్యలేదు. ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను."

"మంచిది బాబూ." చెయ్యి ఆగలేదు.

"నా మీద ఏమైనా ఉంటే చెప్పు."

"ఏం లేదు బాబూ."

ఆ మాటతో వెళ్ళిపోవచ్చు. కౌండిన్య రెండడుగులు వేశాడు కూడా. వెనక్కి వచ్చి, గొడుగు ముడిచి, తడి గట్టు మీద కూర్చున్నాడు.

"చెప్పండి" అన్నాడు.

యలమంద గుండిగ బోర్లించి అడుగు తోమాడు.

"మీరొచ్చిన కొత్తలో మీ చేతిలోంచి థర్మామీటరు జారి పగిలింది. రిజిస్టరులో నా పేరు రాశారు."

కౌండిన్యకి అది జ్ఞాపకమే లేదు. "ఇంకా?"

"మా అమ్మాయి పెళ్ళి కార్డు మీ బల్ల మీద పెట్టా. సాయంత్రం ఊడవబోతే దాని మీద టీ గ్లాసు ఉంది."

"ఇంకా?"

"మిషను కూస్తా ఉందయ్యా, ఏదో చెబుతా ఉంది అని మూడుసార్లు చెప్పా. నీకెందుకన్నారు."

వాన పెరిగింది. చూరు నీళ్ళు కౌండిన్య భుజం మీద పడుతున్నాయి. అతను జరగలేదు.

"ఇంకా?"

"ఆ కాగితం ఆఫీసులో అందరి ముందూ చదివారు. మా అల్లుడు అక్కడే గుమాస్తా. ఆ రోజు నుంచీ ఇంట్లో నాతో మాట్లాడడు."

యలమంద పీచు కింద పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. మొదటిసారి తలెత్తి చూశాడు.

"ఇంకా?" అన్నాడు కౌండిన్య.

"ఉన్నాయి బాబూ, చాలా ఉన్నాయి. గుర్తుకు రావట్లేదు."