వెనక్కి చూసిన చిలక

"అమ్మా, సొంతంగా ఒక్క బొమ్మ కూడా నాకెందుకు తట్టదు?" అని పని నేర్చుకుంటున్న రూతు అడిగింది. చీరాలలో జాకెట్ల మీద బొమ్మలు కుట్టే మగ్గం పని నేర్పే మస్తాన్‌బీ కొంగుతో కళ్లజోడు తుడుచుకుని, "ముందు ఆ జాకెట్టు చెయ్యి పూర్తి చెయ్యి" అంది. ఆమె తీరే అంత. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పి ఎరుగదు.

కొత్త ఊహ అదృష్టవంతుల తలలోనే పుడుతుందనీ, తక్కినవాళ్లు ఎదుటివాళ్లది చూసి కుట్టుకుని బతకాలనీ చెప్పే పెద్దమనుషులను నేను చాలామందిని చూశాను. వాళ్లలో ఒక్కడూ సూది పట్టినవాడు కాడు. వాళ్ల మాట నమ్మి ఎన్ని మంచి చేతులు చచ్చుబడ్డాయో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రూతూ ఆ మాటే నమ్మింది. పొద్దస్తమానం ఫోనులో జాకెట్ల బొమ్మలు చూసేది. చూసినకొద్దీ తల ఖాళీ అవుతున్నట్టు ఉండేది.

అప్పుడు ఆమె ముందున్న గుడ్డ బస్సు కండక్టరు శేషారత్నంది. చనిపోయిన తల్లి పట్టుచీరలో చిరగకుండా మిగిలిన ముక్క అదొక్కటే. దాన్ని జాకెట్టుగా కుట్టించుకుని, ఉద్యోగ విరమణ నాడు తొడుక్కోవాలని శేషారత్నం కోరిక. మస్తాన్‌బీ పక్కన ఉందన్న ధైర్యంతో రూతు తన పేరు మీద ఒప్పుకున్న మొదటి పని కూడా అదే.

రెండు చేతుల మీదా చెరొక చిలక కుట్టాలి. సూదితో బొమ్మ గీతల వెంట చిల్లులు పొడిచిన కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడి రుద్దితే బొమ్మ చుక్కలుగా కిందికి దిగుతుంది. ఒక చేతికి వేశాక, రెండో చేతికి ఆ కాగితాన్ని బోర్లా తిప్పి వెయ్యాలి. అలా వేస్తేనే తొడుక్కున్నప్పుడు రెండు చిలకలూ ముందుకు చూస్తాయి. రూతు తిప్పలేదు. కుట్టిన భాగాన్ని కుట్టినట్టే మగ్గం కర్రకు చుట్టేస్తారు కాబట్టి, రెండో చిలకను కుడుతున్నప్పుడు మొదటిది కంటికి కనిపించలేదు. అంతా ముగించి గుడ్డ విప్పి చూస్తే, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కీ చూస్తున్నాయి.

రూతు కత్తెర అందుకుంది. "కుట్టు విప్పేస్తానమ్మా" అంది.

"దారమైతే వస్తుంది. చిల్లులు పోతాయా? పాత పట్టు. జల్లెడైపోద్ది."

"మరి నన్నేం చెయ్యమంటారు?" అంటూ రూతు ఫోను తీసింది. మస్తాన్‌బీ దాన్ని లాక్కుని దారాల డబ్బాలో పడేసింది.

"ఇందులో శేషారత్నం ఉందా? గుడ్డ తీసుకుని డిపోకి పో. తప్పు నాదేనని నీ నోటితో నువ్వే చెప్పు."

"తిడుతుందమ్మా!"

"తిట్టనీ. నువ్వు మాత్రం మధ్యలో అడ్డు తగలకుండా విను."

డిపో క్యాంటీను బల్ల మీద శేషారత్నం టీ తాగుతోంది. రూతు చెప్పింది విని గ్లాసు పక్కన పెట్టింది. గుడ్డ ఒళ్లో పరుచుకుని జరీ అంచును చాలాసేపు నిమిరింది. "మా అమ్మ చీర పిల్లా ఇది" అంది. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించి రూతు తల వంచుకుంది. తల ఎత్తేసరికి ఆమె చిలకలను అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఉన్నట్టుండి ఆమెకు నవ్వొచ్చింది.

"ఇదేందే! ఒకటి డ్యూటీ ఎక్కతా ఉంది, ఒకటి దిగతా ఉంది. అచ్చం నేనూ మా ఆయనే!"

రూతు అడ్డు తగలకుండా వింది.

"ఆయనకు నూలుమిల్లులో రాత్రి పని. నా బస్సు వచ్చే వేళకి ఆయన పోవాలి. బిడ్డను బస్టాండుకే ఎత్తుకొచ్చి నా చేతికిచ్చేవాడు. ఈ భుజాన టికెట్ల సంచీ, ఆ భుజాన పిల్లాడు. 'వాడికి టికెట్ కొట్టావా రత్నమ్మా?' అని మా డ్రైవరు ఎగతాళి చేసేవాడు. ఇద్దరం కలిసి ముందుకు చూసిందెప్పుడులే! ఒకరు పోతుంటే ఇంకొకరు బిడ్డ కోసం వెనక్కి చూడాల్సిందే."

రూతు గుడ్డలో వీపు భాగాన్ని వేలితో చూపించింది. "పిన్నీ, వీపు మీద ఇంకా ఏమీ కుట్టలేదు. ఆ వెనక్కి చూసే చిలక దేన్ని చూస్తుందో అక్కడ కుట్టనా?"

శేషారత్నం గుడ్డను మడిచి ఆమె చేతికిచ్చింది. "కుట్టు. నోరు మాత్రం ఇంత పెద్దది పెట్టు. మావాడు ఆకలేస్తే బస్టాండంతా ఏకం చేసేవాడు."

రూతు తిరిగొచ్చి, డబ్బాలోని ఫోను సంగతి మరిచిపోయి, తెల్లకాగితం తీసి గీసింది. ఒక చెట్టు తొర్ర, అందులో నోరు బార్లా తెరిచిన చిలకపిల్ల. మస్తాన్‌బీ వంగి చూసింది. నోటి లోపలికి వెయ్యడానికి ఎర్రదారం వెతికి ఇచ్చింది.

విరమణ సభలో శేషారత్నం వేదిక ఎక్కుతుంటే, వెనకే నడుస్తున్న భర్త ఆ వీపు చూసి మెట్టు మీదే ఆగిపోయాడు. కళ్లు తుడుచుకుని, "వీడింకా ఏడుస్తానే ఉన్నాడే!" అన్నాడు. ముందు వరసల్లో ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. చివరి వరసలో కూర్చున్న రూతు కూడా వాళ్లతో పాటు నవ్వింది. ఆ తప్పు జరిగిన తరవాత ఆమె కడుపునిండా తిన్నది ఆ సభ భోజనమే.

కొన్నాళ్లకు ఇంకొకావిడ పట్టుగుడ్డ పట్టుకుని వచ్చింది. "రత్నమ్మకు కుట్టారే, అవే చిలకలు నాకూ కావాలి" అంది. రూతు సంబరంగా లేచి, చిల్లుల కాగితం కోసం అటక మీదికి చెయ్యి చాచింది.

మస్తాన్‌బీ మగ్గం మీది నుంచి తల ఎత్తకుండానే అంది: "కాగితం తర్వాత తీద్దువుగానీ. ముందు ఆమెకు పీట వేసి, కాసిని మంచినీళ్లిచ్చి, చెప్పేది విను."