ఎడమ మూల కారే గుడారం

అప్పలాచారి గారిని ఎవరేం అడిగినా ఆయన ముందు లేచి చెప్పులు వేసుకుంటారు. వాదించడం చేతకాక కాదు. నలభై ఏళ్ళు ఇళ్ళకి గుమ్మాలూ కిటికీలూ చేసిన వడ్రంగి ఆయన. ఒక్కో అంగుళం కోసం ఇంటివాళ్ళతో వాదించి గెలిచిన మనిషి. అరవయ్యో ఏట ఉలి పక్కన పెట్టి, గంగమడుగు అనే కొండపల్లె పక్కన చిన్న ఆశ్రమం వేసుకున్నాక మాత్రం వాదన మానేశారు. ఎవరైనా సందేహంతో వస్తే, "పద, నడుద్దాం" అంటారు. నడకలో ఏదో ఒకటి జరుగుతుంది. అదే జవాబు. జరగకపోతే మర్నాడు మళ్ళీ నడక.

ఆయన దగ్గరకు వచ్చేవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. జీవితంలో ఒక్కసారి ఆశ్రమం నుంచి సముద్రం దాకా ఒంటరిగా నడవాలి. ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్ళు. దారిలో ఊళ్ళున్నాయి, ఎవరింట్లోనైనా భోజనం చెయ్యొచ్చు. పడుకోవడం మాత్రం ఎవరి గుడారంలో వాళ్ళు, ఎవరి వీపు మీది బరువు వాళ్ళది. గురువుగారు బస్సెక్కి ముందే రేవుపాలెం చేరి, ఒడ్డున కూచుని ఎదురుచూస్తారు. ఎందుకీ నడక అని అడిగితే, "సముద్రం బాగుంటుంది" అంటారు.

హైమవతి గారు ఆ నడక మూడేళ్ళుగా వాయిదా వేస్తున్నారు. ఆవిడ విజయనగరంలో కాలేజీ లెక్చరరు, చెప్పేది స్టాటిస్టిక్స్. వయసు యాభై రెండు. పుట్టినింట్లో అయిదుగురు అక్కచెల్లెళ్ళ మధ్య పెరిగి, హాస్టల్లో ఆరుగురితో గది పంచుకుని, పెళ్ళయ్యాక ఉమ్మడి కుటుంబంలో అడుగుపెట్టిన మనిషి. "నా జీవితంలో ఒక్క రాత్రి కూడా ఒక్కదాన్నే పడుకోలేదండీ. అలా పడుకుంటే ఎలా ఉంటుందో చూడాలని ఉంది" అని నాతో ఒకసారి అన్నారు. అనేసి, అంత మాట ఎందుకన్నానా అన్నట్టు అటు తిరిగి కొండల్ని చూశారు.

ఆ ఏడు కార్తీకంలో ఆవిడ ఆశ్రమానికి వచ్చేసరికి వాయిదాకు చోటు మిగల్లేదు. కుడి మోకాలికి సంక్రాంతి వెళ్ళాక ఆపరేషన్ అన్నారు. ఆ తర్వాత బరువు మోస్తూ నడవడం కుదరదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. నడిస్తే ఇప్పుడే నడవాలి. ఆవిడ సామాను సర్దుకునే వచ్చారు. కానీ ఆటోలోంచి దిగింది ఒక గుడారంతో కాదు, మూడింటితో. చేతిలో ఒక నోట్‌బుక్కు.

ఉదయం ఫలహారాలయ్యాక గురువుగారి ముందు కూచుని ఆ నోట్‌బుక్కు తెరిచారు.

"గురువుగారూ, ఒంటరిగా నడిచే మనిషికి ఎలాంటి గుడారం మంచిదండీ? ఇదిగో, ఇది ఆరువందల నలభై గ్రాములు. ఒకటే గుడ్డ. కడ్డీలు ఉండవు, మన చేతికర్ర ఆనుకునే నిలబడుతుంది. తేలికే గానీ, ఆరు మేకులు నేలలో దిగితేనే గుడారం, లేకపోతే దుప్పటి. పైగా లోపల మన ఊపిరే చెమ్మగా మారి గుడ్డకి పట్టి, మన మీదే పడుతుందట. ఇది కిలోన్నర. రెండు పొరలు, చెమ్మ బాధ లేదు, కానీ లేచి కూచుంటే తల తగులుతుంది. మూడోది దాదాపు రెండు కిలోలు. కడ్డీలు గుచ్చితే చాలు, మేకుల్లేకుండా బండ మీదైనా తనంతట తను నిలబడుతుంది. కానీ నా మోకాలు..." ఆవిడ ఆగి పేజీ తిప్పారు. "మూడేళ్ళుగా లెక్క వేస్తున్నాను. ఒకసారి ఇది గెలుస్తుంది, ఒకసారి అది గెలుస్తుంది."

గురువుగారు అంతా శ్రద్ధగా విన్నారు. గుడ్డ పట్టి చూశారు, కడ్డీ వంచి చూశారు. లేచి చెప్పులు వేసుకున్నారు.

"రాజూ, నువ్వూ రా" అన్నారు నాతో. "మూడున్నాయి కదా, ముగ్గురం పోదాం."

నా పేరు పైడిరాజు. బొబ్బిలిలో ఇనప సామాన్ల కొట్టు నాది. మేకులంటే కాస్త తెలుసు గానీ గుడారాలంటే తెలియదు. బరువైనది నా వీపున పెట్టి, మధ్యదాన్ని తన భుజాన వేసుకుని, తేలికైనది హైమవతి గారికిచ్చి గురువుగారు ముందు నడిచారు. ఆశ్రమం వెనక కాఫీ తోటలు దాటాక ఒక బోడిబండ ఉంది. ఏనుగు వీపులా నున్నగా, అక్కడక్కడ చారెడు మట్టితో, గడ్డి దుబ్బులతో. మేం ఎక్కేసరికి మధ్యాహ్నం రెండయింది. ఎండ చురుక్కుమంటోంది. తూర్పున మాత్రం ఒక నల్లమబ్బు, ఎవరికోసమో ఆగినట్టు ఆగి ఉంది.

"వెయ్యండి" అన్నారు గురువుగారు.

నా వీపు మీది బరువైన గుడారాన్ని ఆయనే తీసుకున్నారు. వడ్రంగి చేతులు కదా, చూస్తూండగానే కడ్డీలు గుచ్చేశారు. అది బుట్టలా లేచి నిలబడింది. నేను మధ్యదానితో కాసేపు కుస్తీ పట్టి, రెండు మేకులు గడ్డి దుబ్బులో దించి, మొత్తానికి నిలబెట్టాను. హైమవతి గారు అప్పటికి తన గుడారం సంచీ మూతైనా విప్పలేదు. బండ ఎటు వాలుందో చూస్తున్నారు. నోట్‌బుక్కులో రాసుకున్నట్టు, చదునైన చోటు, మట్టి లోతు, నీళ్ళు పారే దారి అన్నీ కుదిరిన స్థలం కోసం వెతుకుతున్నారు. ఇక్కడ నిలబడి తల అడ్డంగా ఊపి, మరో పది అడుగులు అటు వెళ్ళేవారు.

అప్పుడు పడింది వాన.

ముందు చినుకుల్లేవు. కుండ బోర్లించినట్టు ఒక్కసారే పడింది. గురువుగారు వయసుకు తగని చురుకుతో తన గుడారంలోకి దూరిపోయారు. నేను నాదాంట్లో దూరి, తల బయటపెట్టి అరిచాను. "మేడమ్! ఇటు రండి, ఇందులోకి వచ్చేయండి, నేను బయటుంటాను!"

పక్క గుడారంలోంచి గురువుగారి గొంతు వినిపించింది. "రాజూ. పిలవకు."

నాకు ఒళ్ళు మండింది. మోకాలి నొప్పి ఉన్న ఆడమనిషి వానలో నిలబడి ఉంటే పొడిగా కూచుని పిలవకు అనే గురుత్వం ఏమిటనిపించింది. ఆయన నాకు గురువు కాకపోయి ఉంటే ఆ మాట అనేసేవాణ్ణి. లేవబోయాను. హైమవతి గారే చెయ్యి అడ్డంగా ఊపారు.

ఆవిడ నోట్‌బుక్కు సంచీలో పడేసి, గుడారం బయటికి లాగారు. గుడ్డ గాలికి ఎగిరి ముఖాన చుట్టుకుంది. విడిపించుకుని మేకు ఒకటి బండ మీద పెట్టి రాయితో కొట్టారు. మేకు వంగింది. ఇంకొకటి కొట్టారు. అదీ వంగింది. బండలో మేకు దిగదని నా కొట్లో కుర్చీకి కూడా తెలుసు. ఆవిడకీ తెలుసు, నోట్‌బుక్కులో రాసుకున్నారు కూడా. అయినా మూడోది కొట్టి, అదీ వంగాక, ఆ వంకర మేకును చేతిలో పట్టుకుని ఒక క్షణం చూశారు.

తర్వాత దాన్ని పక్కన పెట్టి, కొబ్బరికాయంత రాళ్ళు ఏరడం మొదలుపెట్టారు. తాళ్ళు రాళ్ళకి కట్టారు. చేతికర్ర నిలబెట్టి గుడ్డ ఎత్తారు. గాలి ఒక్క తోపు తోసింది. అంతా కింద పడింది. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ పడింది.

"గురువుగారూ!" వాన హోరులో అరిచారు. "గుమ్మం ఎటు పెట్టాలండీ?"

ఊరందరి గుమ్మాలూ పెట్టిన ఆ మనిషి బయటికి తొంగి కూడా చూడలేదు. "ఉండేది నువ్వు కదమ్మా!" అన్నారు.

ఆవిడ తల ఎత్తారు. గాలి ముఖాన కొడుతోంది. కళ్ళు మూసుకుని, చెంపలకి ఎటునుంచి తగులుతోందో చూసుకున్నారు. కర్రను రెండడుగులు ఇటు జరిపి, గుడారం వెన్ను గాలికి తిప్పి, గుమ్మం మావైపు పెట్టి, అన్నిటికంటే పెద్ద రాయి దొర్లించి వెనక తాడుకి కట్టారు. ఈసారి గాలి కొట్టినా గుడారం ఊగింది గానీ పడలేదు. ఒక పక్క గూని, ఒక పక్క సొట్ట. ఆవిడ మోకాలు జాగ్రత్తగా మడిచి, పాక్కుంటూ లోపలికి వెళ్ళి, జిప్పు లాగేసుకున్నారు.

చాలాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు భయం వేసింది. ఏడుస్తున్నారేమో అనుకున్నాను.

"పైడిరాజు గారూ!"

"ఆఁ మేడమ్! ఏమైందండీ?"

"ఎడమ మూల కారుతోందండీ!"

ఆ గొంతులో ఫిర్యాదు లేదు. పెరట్లో లంకెబిందె దొరికిన మనిషి అరిచినట్టు అరిచారు. "చుక్క చుక్కగా పడుతోంది. గిన్నె పెట్టేశాను!"

కాసేపటికి మళ్ళీ. "తల ఇటు పెట్టుకుంటే కాళ్ళు సరిపోతున్నాయండీ! అటు పెడితే తడుస్తున్నాయి!"

"సరే మేడమ్!"

"ఊపిరి చెమ్మ నిజమేనండీ! కింద జిప్పు జానెడు తెరిస్తే పోతోంది! ఇది ఎవరూ రాయలేదు!"

ఆ తర్వాత ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. లెక్చరరు నవ్వు కాదది. అక్కచెల్లెళ్ళందరూ నిద్రపోయాక దుప్పటి కింద ఆపుకోలేక నవ్వే ఆడపిల్ల నవ్వు. ఎంతకీ ఆగలేదు. ఎందుకో తెలియకుండానే నాకూ నవ్వొచ్చింది. నాదాంట్లో ఒంటరిగా కూచుని, తల గుడ్డకి తగులుతూంటే, నేనూ నవ్వాను. గురువుగారి గుడారంలోంచి మాత్రం సన్నగా గురక వినిపించింది.

నాలుగింటికి వాన తగ్గింది. మబ్బు విడిపోయి ఎండ వచ్చేసరికి కాఫీ తోటలన్నీ కడిగి ఆరబెట్టినట్టు మెరుస్తున్నాయి. హైమవతి గారు బయటికి వచ్చారు. జుట్టు ముఖానికి అంటుకుపోయి, చేతుల నిండా మట్టి. గిన్నెలో పట్టిన నీళ్ళు బండ మీద పారబోశారు. గురువుగారు గుడారంలోంచి ఆవలిస్తూ లేచి వచ్చారు. పంచె మీద ఒక్క తడి చుక్క లేదు.

"ఏం తీసుకెళ్తావమ్మా?" అన్నారు.

"ఇదేనండీ" అన్నారావిడ, గూనిగా నిలబడ్డ తన గుడారం మీద చెయ్యి వేసి. "ఇది ఎక్కడ కారుతుందో నాకు తెలుసు."

దిగేటప్పుడు మూడింటిలో బరువైనదాన్ని గురువుగారే మోసుకొచ్చారు.

ఎడమ మూల కుట్టు మీద కొవ్వొత్తి మైనం రుద్దడం, వంగిన మేకులు సరిచెయ్యడం నా వంతయింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ బయల్దేరారు. కాఫీ తోటల మలుపు తిరిగే దాకా చూశాం. ఆవిడ వెనక్కి తిరగలేదు.

ఎనిమిదో రోజు పొద్దున రేవుపాలెం ఒడ్డున గురువుగారూ, నేనూ కూచుని ఉండగా, ఉత్తరాన సరుగుడు తోట దాటి ఒక మనిషి కుంటుతూ రావడం కనిపించింది. ఎండకి నల్లబడి, కుడి మోకాలికి బట్ట చుట్టుకుని, వీపున చిన్న మూట. దగ్గరికి రాకముందే చెప్పడం మొదలుపెట్టారు. రెండో రాత్రి జీడితోటలో ఒక గేదె గుడారం తాడు నమిలిందట. నాలుగో రాత్రి మళ్ళీ వానట. ఒక ఊళ్ళో బళ్ళో టీచరమ్మ తన ఇంట్లో పడుకోమని ఎంత బతిమాలినా వినకుండా, బడి ఆవరణలోనే గుడారం వేసుకున్నారట. ఆ టీచరమ్మ పొద్దున కాఫీ తెచ్చి, ఒకసారి లోపల పడుకుని చూడొచ్చా అని అడిగిందట.

"మరి ఒంటరిగా పడుకోవడం ఎలా ఉందండీ?" అన్నాను.

ఆవిడ ఆలోచించారు. "మొదటి రెండు రాత్రులూ అందరి ఊపిర్లూ వెతుక్కున్నాను. మూడో రాత్రి నాది వినిపించింది" అని, బరువు దించి, చెప్పులు అక్కడే వదిలేసి, బట్టలతోనే అలల్లోకి నడిచారు. మోకాలి లోతు వచ్చాక మా వైపు తిరిగి రెండు చేతులూ ఊపారు. గురువుగారు కూడా ఊపారు, చిన్నపిల్లాడిలా, రెండు చేతులూ ఎత్తి.

నాకు ఉండబట్టలేదు. వచ్చే ఏడు నడక నాది. కొట్టు కట్టేసి ఎనిమిది రోజులు వెళ్ళాలంటే ముందే అన్నీ చూసుకోవాలి.

"గురువుగారూ, అన్నీ చూశారు కదా. ఆ మూడింట్లో అసలు మంచిది ఏదండీ?"

ఆయన నీళ్ళల్లో గెంతుతున్న హైమవతి గారినే చూస్తూ అన్నారు. "నాకేం తెలుసు రాజూ? ఆ రోజు నేను తడవలేదు కదా."